పరారుణ కెమెరా - పైరు పరీక్ష

ఆకు పచ్చగా నున్నదని మనమందరము అనుదినము అనుచుందుము. కాని ఆకు తిరుగగొట్టు వెలుతురులో పచ్చని వెలుతురు చాల స్వల్పభాగము. ఎండలో నిలిచిన ఆరోగ్యవంతమైన ఆకు తనపై బడిన పచ్చని కాంతిలో నూటికి 10 నుండి 20 పాళ్ళు మాత్రమే తిరుగగొట్టును. ఎరుపు, నీలి కాంతులనైతే దాదాపు పూర్తిగా మ్రింగివేయును. మన కంటికి గోచరింపని మరియొక కాంతిని మాత్రము నూటికి 40 నుండి 50 పాళ్ళ వరకు తిరుగగొట్టుచున్నది. ఆ కాంతిని చూచు శక్తి మన కన్నులకే యుండినచో చెట్టును పచ్చనిదని ఎవరును అనియుండరు. దాని పేరు సమీప పరారుణము. దానిని చూడగల కెమెరాను సాధారణమైన కెమెరానుండియే తయారుచేసికొనవచ్చుననియు, దానితో పైరు ఆరోగ్యమును తెలిసికొనవచ్చుననియు ఇప్పుడు పలువురు చెప్పుచున్నారు. ఈ మాటలో ఎంత నిజమున్నదో, ఆ నిజము ఎచ్చట ఆగిపోవుచున్నదో విచారించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ఈ అదృశ్యకాంతిని మొదట కనుగొన్నవాడు విలియం హెర్షెల్. జర్మనీలోని హనోవరులో పుట్టి, ఇంగ్లండులో స్థిరపడి, సంగీతముతో జీవనము సాగించుచు నక్షత్రవీక్షణములోనికి దిగినవాడు. 1781లో యురేనస్ గ్రహమును కనుగొని లోకప్రసిద్ధుడైనవాడు. 1800లో ఆయన సూర్యకాంతిని గాజు పట్టకముచే రంగులుగా విడదీసి, ఏ రంగులో ఎంత వేడి యున్నదో ఉష్ణమాపకములతో కొలిచెను. ఎరుపు రంగు ముగిసిన తరువాత, ఏ వెలుగును లేనట్లు కనిపించు చోట, వేడి మరింత హెచ్చుగా నున్నట్లు తేలినది. తెలుగులో దానిని పరారుణము, అనగా అరుణమునకు ఆవలిది, అనుచున్నాము. ఉర్దూ మాధ్యమములోని మా మిత్రులు దానినే జేరీన్ సుర్ఖ్, అనగా ఎరుపునకు దిగువది, అందురు. ఒకే వస్తువు ఒక భాషలో ఆవలను, మరియొక భాషలో దిగువను ఉండుట విని నవ్వుకొంటిమి గాని రెండు పేర్లును సరియైనవే. తరంగదైర్ఘ్యమును లెక్కించినచో అది ఎరుపునకు ఆవల. పౌనఃపున్యమును లెక్కించినచో ఎరుపునకు దిగువ.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలసి యున్నది. పరారుణమనగానే చాలమందికి వేడిని చూపు కెమెరాలును, కోవిడ్ దినములలో ద్వారములయొద్ద నుదుటికెదురుగా పట్టిన ఉష్ణమాపకములును జ్ఞప్తికి వచ్చును. అవి గ్రహించునది వేరు. వస్తువు తన వేడిమి వలన తానే వెలువరించునట్టి, సుమారు 8 నుండి 14 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యము గల ఉష్ణ పరారుణమును అవి గ్రహించును. మనము చెప్పబోవునది 0.7 నుండి సుమారు 1 మైక్రోమీటరు వరకు గల సమీప పరారుణము. ఇది సూర్యునినుండి వచ్చి, ఆకుపై బడి, తిరిగి వచ్చునది. దీనిలో ఆకు వేడి తెలియదు. నీటి యెద్దడిలో పత్రరంధ్రములు మూసికొని ఆకు వేడెక్కుటను పట్టుకొనవలెనన్న ఉష్ణ కెమెరా కావలెను. మామూలు కెమెరాను ఎంత మార్చినను అది ఆ పని చేయజాలదు. దాని సెన్సారు ఆ కిరణములను గ్రహింపదు, గాజు కటకము వానిని లోనికి రానీయదు.

ఇక ఆకు లోపలికి పోదము. ఆకు పైపొర క్రింద నిలువుగా, వత్తుగా పేర్చినట్లు స్తంభకణములు ఉండును. పత్రహరితము అధికముగా వీనిలోనే యున్నది. కిరణజన్య సంయోగక్రియకు కావలసిన ఎరుపు, నీలి కాంతులను అది పీల్చుకొనును. స్తంభకణముల క్రింద స్పంజివలె సందులు సందులుగా అమరిన కణములున్నవి. ఆ సందులలో గాలి యుండును. సమీప పరారుణ కిరణమునకు పత్రహరితమును నడిపించునంతటి శక్తి లేదు. దానిని పీల్చుకొన్నను ఆకు వేడెక్కుట తప్ప వేరు ప్రయోజనము లేదు. కావున వర్ణద్రవ్యములు దానిని అడ్డగింపక విడిచిపెట్టును. లోపలికి వచ్చిన కిరణము తడిగా నున్న కణకుడ్యమునుండి గాలిలోనికి, గాలినుండి మరల కణకుడ్యములోనికి దాటుచు, ప్రతి సరిహద్దునందును వంగియు విరిగియు, పలుదిక్కులకు చెదరిపోవును. తుదకు దానిలో దాదాపు సగము వచ్చిన దారినే పైకి, మిగిలినదానిలో చాలభాగము అడుగునుండి క్రిందికి వెడలిపోవును. ఆకు నిజముగా ఉంచుకొనునది నూటికి 10 పాళ్ళకు లోపే.

దీనిని గ్రహించుటకు వంటింటిలోని ఉప్పు చాలును. ఒక్క ఉప్పు పలుకును వెలుతురునకెదురుగా పట్టి చూచినచో గాజువలె నుండును. అట్టి పలుకులే రాశిగా పోసినచో తెల్లగా కనిపించును. ఉప్పులో తెలుపు రంగు ఎచ్చటను లేదు. పలుకులకు, వాని నడుమనున్న గాలికి గల అసంఖ్యాకమైన సరిహద్దులే ఆ తెల్లదనము. ఆ రాశిని నీటితో తడిపినచో సందులలోని గాలి పోయి తెల్లదనము తగ్గును. ఆకు విషయమును అంతే. ఆకు సందులలోని గాలిని తీసివేసి నీరు నింపినచో, పత్రహరితము చెక్కు చెదరకున్నను, దాని పరారుణ ప్రతిఫలనము పడిపోవును. అనగా ఎరుపు కాంతి మనకు చెప్పునది ఆకులోని పత్రహరితమును గూర్చి; పరారుణము చెప్పునది ఆకు లోపలి కట్టడమును గూర్చి.

మరియొక సంగతి కలదు. పై ఆకు అడుగునుండి వెడలిపోయిన పరారుణము క్రింది ఆకుపై బడి, దానిచేత కొంత తిరుగగొట్టబడి, మరల పైకి వచ్చును. ఆకులు ఎన్ని వరుసలుండిన ఈ ప్రతిఫలనము కొంతవరకు అంత పెరుగును. కాబట్టి పొలమును పైనుండి చూచినపుడు పరారుణము తక్కువగా నున్నదనగా ఆకులు జబ్బుపడినవని అర్థము కావచ్చును, ఆకులు తక్కువగా నున్నవని మాత్రమే అర్థము కావచ్చును. ఈ రెండింటిని కలిపివేయుట వలన కలుగు చిక్కును మున్ముందు చెప్పెదము.

పరారుణములో చెట్లు తెల్లగా మెరయునని లోకమునకు చూపినవాడు అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు రాబర్ట్ విలియమ్స్ ఉడ్. 1910లో ఆయన ప్రకటించిన ఛాయాచిత్రములలో ఆకాశము నల్లగాను, చెట్లు మంచు కప్పినట్లు తెల్లగాను కనిపించినవి. దీనికి నేటికిని ఉడ్ ప్రభావమని పేరు. ఆంగ్లములో ఉడ్ అనగా కలప గనుక ఇది చెట్ల కలపకు సంబంధించినదని కొందరు విద్యార్థులు వ్రాయుచున్నారు. అది శాస్త్రజ్ఞుని ఇంటిపేరు మాత్రమే.

రెండవ ప్రపంచయుద్ధములో ఈ వింత అక్కరకు వచ్చినది. ఆకుపచ్చని రంగు పూసి దాచిన శతఘ్నులు కంటికి పొదలవలెనే యుండును గాని, నాటి రంగులు చాలవరకు పరారుణమును ఆకువలె తిరుగగొట్టలేవు. కొడాక్ సంస్థ తయారుచేసిన ప్రత్యేకమైన కలర్ ఫిల్ములో నిజమైన ఆకులు ఎర్రగాను, పూతరంగులు వేరుగాను పడి మోసము బయటపడెడిది. శత్రువును వెదకుటకు పుట్టిన ఆ ఫిల్ము యుద్ధానంతరము పొలములపైకి వచ్చినది. 1956లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన రాబర్ట్ కోల్‌వెల్, ధాన్యపు పైరులలోని తెగుళ్ళను విమానమునుండి తీసిన ఛాయాచిత్రములచే గుర్తించుటను గూర్చి ప్రకటించిన పరిశోధన ఈ విద్యకు పునాదిగా నిలిచినది.

మన దేశములో ఈ విద్య కొబ్బరితోటలలో మొదలైనది. 1970 ప్రాంతమున పిషారోత్ రామ పిషారోటి గారి నాయకత్వమున కొందరు శాస్త్రజ్ఞులు కేరళలోని కొబ్బరితోటలమీదుగా హెలికాప్టరులో పోవుచు, పరారుణ కలర్ ఫిల్ముతో చిత్రములు తీసి, వేరుకు వచ్చు వాడు తెగులును పైనుండి గుర్తింపవచ్చునా అని పరీక్షించిరి. భారతదేశమున దూరసంవేదనమునకు అదియే ఆరంభమని చెప్పుదురు. 1974లో హైదరాబాదు కేంద్రముగా జాతీయ దూరసంవేదన సంస్థ ఏర్పడినది. 2008లో అది జాతీయ దూరసంవేదన కేంద్రమను పేరుతో ఇస్రోలో భాగమైనది. ఉపగ్రహములు పంపు సమాచారమును షాద్‌నగరు వద్దనున్న దాని కేంద్రము అందుకొనుచున్నది. 1988 మార్చి 17న బైకనూరునుండి ఎగిరిన మన ఐ.ఆర్.ఎస్. - 1ఎ ఉపగ్రహపు కెమెరాలు నాలుగు పట్టీలలో భూమిని చూచినవి: నీలము, ఆకుపచ్చ, ఎరుపు, సమీప పరారుణము. ఆ నాలుగవ పట్టీ లేకున్నచో వ్యవసాయమునకు ఆ చిత్రముల విలువ సగమైనను ఉండెడిది కాదు.

చిత్రమును సంఖ్యగా మార్చు ఉపాయము 1972లో అమెరికా పంపిన మొదటి ల్యాండ్‌శాట్ ఉపగ్రహము తరువాత వచ్చినది. టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయములోని రౌస్ ప్రభృతులు ప్రచారములోనికి తెచ్చిన ఈ సూచికను ఎన్.డి.వి.ఐ. అందురు. లెక్క బహు సులభము. పరారుణ ప్రతిఫలనమునుండి ఎరుపు ప్రతిఫలనమును తీసివేసి, వచ్చినదానిని ఆ రెండింటి మొత్తముచే భాగింపవలెను. ఉదాహరణమునకు ఒక మంచి పైరు ఎరుపును నూటికి 5, పరారుణమును 50 పాళ్ళు తిరుగగొట్టినదనుకొందము. 45ను 55చే భాగించిన 0.82 వచ్చును. పాలిపోయిన పైరు ఎరుపును 15, పరారుణమును 40 పాళ్ళు తిరుగగొట్టినచో 0.45 వచ్చును. ఎండిన దుక్కి నేలలో ఎరుపు 20, పరారుణము 26 అయినచో 0.13 మాత్రమే. నీరు పరారుణమును ఎరుపుకంటెను ఎక్కువగా మ్రింగును గనుక చెరువునకు సూచిక సున్నకు దిగువనుండును.

నేరుగా వ్యత్యాసమును తీసికొనక ఎందుకు భాగింపవలెనని అడుగవచ్చును. పొలముపైకి మబ్బు వచ్చి వెలుతురు సగమైనదనుకొందము. 50 కాస్త 25, 5 కాస్త 2.5 అగును. వ్యత్యాసము సగమునకు పడిపోవును గాని భాగించిన ఫలము అదే 0.82. వెలుతురు హెచ్చుతగ్గులను మ్రింగివేసి పైరు గుణమును మాత్రము నిలుపుటయే ఆ భాగహారపు ప్రయోజనము. అయితే చెట్టు నీడకు ఈ లెక్క పూర్తిగా అన్వయింపదు. నీడలోనికి వచ్చునది నీలాకాశపు వెలుతురు. దానిలో నీలము ఎక్కువ, పరారుణము మిక్కిలి తక్కువ. అందుచే నీడలోని మంచి ఆకును జబ్బు ఆకువలె కనిపించును.

రంగుల విషయమున మరియొక హెచ్చరిక అవసరము. ఉపగ్రహ కేంద్రములు ప్రకటించు కృత్రిమవర్ణ చిత్రములలో పరారుణమునకు ఎరుపు రంగు నిచ్చుట ఆచారము. కనుక వానిలో దట్టమైన అడవి, ఏపుగా నున్న వరి ఎర్రగా కనిపించును. సూచిక పటములలోనో, తక్కువ విలువకు ఎరుపును, ఎక్కువ విలువకు ఆకుపచ్చను ఇచ్చుట ఆచారము. అచ్చట ఎరుపనగా బలహీనమైన పైరు. ఒకే ఎరుపు ఒకచోట ఆరోగ్యము, మరియొకచోట అనారోగ్యము. ఈ రంగులు ఆకులో లేవు. పటము చేసినవాడు ఎంచుకొన్నవి. పటమును చేతికి తీసికొన్నవాడు మొదట చూడవలసినది దాని అంచున నుండు రంగుల పట్టీని.

ఉపగ్రహములు, విమానములు సామాన్యునికి అందునవి కావు. పరారుణ ఫిల్ములనైతే కొడాక్ సంస్థ 2000 తరువాతి దశాబ్దములో ఒక్కొక్కటిగా నిలిపివేసినది. అదే కాలమున డిజిటల్ కెమెరా ఇంటింటికి వచ్చినది. దాని సెన్సారు సిలికానుతో చేయబడును. సిలికాను సుమారు 1,100 నానోమీటర్ల వరకు, అనగా ఎరుపునకు చాల ఆవలివరకు, కాంతిని గ్రహింపగలదు. ఈ శక్తి మామూలు చిత్రములకు చెరుపు చేయును. రంగులు మనిషి కంటికి కనిపించినట్లు రావు. అందుచే తయారీదారులు సెన్సారు ముందు పరారుణమును ఆపివేయు ఒక పలుచని గాజు ఫిల్టరును అమర్చుదురు. ఆ అడ్డు సంపూర్ణము కాదని తెలిసికొనుటకు టెలివిజన్ రిమోట్ ఒకటి చాలును. దాని కొననున్న చిన్న దీపమును ఫోను కెమెరాకు ఎదురుగా పట్టి మీట నొక్కినచో, కంటికి ఏమియు కనిపింపకున్నను, చాల ఫోనుల తెరపై ఊదాతెలుపు మెరపు కనిపించును. వెనుక కెమెరాలో కనిపింపనిచో ముందు కెమెరాతో చూడవలెను. దాని ఫిల్టరు తరచుగా పలుచనిది.

కెమెరాను మార్చుట యనగా ఆ గాజు ఫిల్టరును తీసివేయుటయే. మేము కొందరము పాతబడిన ఒక చిన్న కెమెరాను ఇందుకై విప్పితిమి. ఇట్టి పనికి పూనుకొను విద్యార్థి మిత్రులకు రెండు మాటలు. ఫ్లాషు గల కెమెరాలో ఫ్లాషునకై విద్యుత్తును నిలువచేయు కెపాసిటరు ఉండును. బ్యాటరీ తీసివేసినను దానిలో కొన్ని వందల వోల్టుల పీడనము మిగిలియుండవచ్చును. తెలిసినవారు దగ్గర లేకుండ మూత తెరువరాదు. రెండవది, తీసిన ఫిల్టరు స్థానమున దాదాపు అంతే మందము గల తేటగాజును పెట్టవలెను. లేనిచో కటకమునుండి వచ్చు కిరణములు సెన్సారుపై కుదురుగా కేంద్రీకరింపక చిత్రము మసకగా వచ్చును.

ఫిల్టరు తీసినంతమాత్రమున పని పూర్తికాదు. సూచికకు రెండు కాంతులు విడివిడిగా కావలెను. ఇప్పుడు సెన్సారులో అన్నియు కలిసిపోయినవి. సెన్సారులోని ప్రతి బిందువు మీదను ఎరుపు, ఆకుపచ్చ, నీలములలో ఏదో ఒక రంగుపూత ఉండును. ఈ గళ్ళ అమరికకు కొడాక్ సంస్థలోని బ్రైస్ బేయర్ పేరిట 1976లో పేటెంటు లభించినది. ఈ పూతలు కంటికి కనిపించు కాంతులను వేరుచేయును గాని పరారుణమును మూడును లోనికి విడుచును. ఈ బలహీనతయే మనకు ఆధారము. కటకము ముందు తగిన రంగు కాగితమును పెట్టి కొన్ని కాంతులను ఆపివేసినచో, ఖాళీ అయిన గళ్ళలో పరారుణము మాత్రమే మిగులును.

మొదట ప్రచారమునకు వచ్చినది నీలి కాగితము. 2010లో మెక్సికో సింధుశాఖలో చమురు ఒలికిన దుర్ఘటన తరువాత, తీరమును గాలిపటములకు, బెలూనులకు కట్టిన కెమెరాలతో తామే చిత్రించిన అమెరికా పౌరులు కొందరు పబ్లిక్ ల్యాబ్ అను సంఘముగా ఏర్పడిరి. చౌకైన పరారుణ కెమెరాను 2013లో జనములోనికి తెచ్చినవారు వారే. అదే సంవత్సరమున పరారుణ ఫిల్టరు లేని రాస్ప్‌బెర్రీ పై కెమెరా విపణికి వచ్చినది. దానితో ఒక నీలి కాగితపు తునకను జతచేసి ఇచ్చిరి. నీలి కాగితము ఎరుపును ఆపును గనుక ఎరుపు గళ్ళలో పరారుణము మాత్రమే చేరును. నీలి గళ్ళలో నీలికాంతి చేరును. పత్రహరితము నీలమును కూడ పీల్చును గదా, కావున ఎరుపునకు బదులు నీలముతో లెక్క వేయుదమని వారి తలంపు.

వినుటకు బాగున్నను ఈ తలంపులో ఒక లోపము కలదని మా అభిప్రాయము. ఆకులో పత్రహరితము తోపాటు కెరోటినాయిడ్లను పసుపు వర్ణద్రవ్యములును ఉండును. ఇవి నీలమును పీల్చును, ఎరుపును పీల్చవు. ఆకు జబ్బుపడి పత్రహరితము నశించినపుడు పసుపు ద్రవ్యములు కొంతకాలము నిలిచియుండుటచేతనే ఆకు పసుపుపచ్చగా మారును. పసుపుపచ్చగా నున్నదనగా, ఎరుపును, ఆకుపచ్చను తిరుగగొట్టుచున్నను నీలమును ఇంకను మ్రింగుచునే యున్నదని అర్థము. అనగా రైతు కంటికి స్పష్టముగా కనిపించు పసుపుదనమునే నీలి ఫిల్టరు కెమెరా సరిగా చూడజాలదు! ఎత్తునుండి తీయునపుడు గాలిలో చెదరిన నీలికాంతి కలియుట దీనికి తోడు. అందుచే ఎర్రని కాగితమే మేలు. అది నీలమును, ఆకుపచ్చను ఆపును. నీలి గళ్ళలో పరారుణము మాత్రమే మిగులును. ఎరుపు గళ్ళలో ఎరుపు, పరారుణము కలిసి చేరును. రెండవదానినుండి మొదటిదానిని తగిన పాలుగా తీసివేసినచో ఎరుపు విడిగా వచ్చును. ఈ లెక్క చేయు ఉచితమైన కంప్యూటరు ప్రోగ్రాములు దొరకుచున్నవి.

మేము మార్చిన కెమెరాతో కళాశాల ఆవరణములో తీసిన చిత్రములలో వేపచెట్టు తెల్లని వెలుగులో తడిసినట్లు కనిపించినది. అంతకంటె విచిత్రము, దాని క్రింద నిలిచిన మిత్రుని నల్లని షేర్వానీ వెలిసిపోయిన బూడిదరంగు వస్త్రమువలె వచ్చినది. నల్లరంగు అద్దిన వస్త్రములు పెక్కు పరారుణమును మ్రింగవు. ఇది వేడుకకు చెప్పుట లేదు. కెమెరాను సరిచూచుటకు తెలుపు, నలుపు అని రెండు ప్రమాణములు కావలెను. నల్లగుడ్డను ప్రమాణముగా పెట్టుకొన్నవాని లెక్కలన్నియు తప్పును. తారు కాగితము నలుపునకు తగినది. తెలుపునకు, నల్లాలు బిగించువారు మరలకు చుట్టు తెల్లని టెఫ్లాన్ టేపును అనేక పొరలుగా అట్టపై చుట్టి వాడవచ్చును. అది ఎరుపును, పరారుణమును దాదాపు సమానముగా తిరుగగొట్టును. ఈ రెండింటిని పైరు ప్రక్కన పెట్టి ప్రతి చిత్రములోను పడునట్లు తీయవలెను. కెమెరా తనంత తాను రంగులను సర్దుకొను ఏర్పాటును ఆపివేయవలెను. లేనిచో నిన్నటి చిత్రమునకు, నేటి చిత్రమునకు పోలికయే యుండదు. ఎల్.ఇ.డి. దీపముల క్రింద చిత్రములు తీయుట వ్యర్థము. వానిలో పరారుణము లేదనదగినంత తక్కువ.

ఇంతవరకు పరికరము మాట. ఇక అది చెప్పు మాట ఎంతవరకు నమ్మదగినది?

కంటికి కనిపింపకముందే జబ్బును పరారుణ కెమెరా పట్టుకొనునని తరచుగా వినుచున్నాము. కోల్‌వెల్ కాలమునుండియు ఈ ఆశ కలదు. కాని 1993లో గ్రెగరీ కార్టర్ అను శాస్త్రజ్ఞుడు పలు జాతుల మొక్కలను, వానికి కలిగిన పలువిధములైన బాధలను పోల్చి చూచి చెప్పినది వేరు. బాధకు లోనైన ఆకులలో స్థిరముగా మార్పు కనిపించినది కంటికి గోచరించు కాంతిలోనే, ముఖ్యముగా 700 నానోమీటర్ల ప్రాంతమున. పరారుణములో నిలకడగల మార్పు ఆకు తీవ్రముగా ఎండినపుడే కలిగినది. అనగా పరారుణము దివ్యదృష్టి కాదు. అది సూచికలో స్థిరముగా నిలిచి, ఎరుపులోని మార్పును కొలుచుటకు తోడ్పడునది. ఆకుల మొత్తమును లెక్కించుటకు ఉపకరించునది. ఆ మొత్తమును కూడ కొంతవరకే. పైరు దట్టముగా కమ్ముకొన్న తరువాత ఆకు ఎంత పెరిగినను సూచిక పెద్దగా కదలదు.

డ్రోనుతో పొలమును చిత్రించి, రుసుము తీసికొని, రంగుల పటమును చేతికిచ్చు సేవలు ఇప్పుడు పల్లెలకు వచ్చుచున్నవి. పటములో ఒక మూల ఎర్రని మచ్చ యున్నదనుకొందము. అచ్చట నత్రజని చాలక పైరు పాలిపోయినదా, నీరు నిలిచి వేరునకు ఊపిరాడకున్నదా, సున్నపు నేలలో ఇనుము అందక ఆకు వెలిసినదా, పురుగు తిన్నదా, లేక విత్తనమే సరిగా మొలవలేదా? ఐదింటికిని పటములోని రంగు ఒక్కటే. చికిత్సలు మాత్రము ఐదు. నీరు నిలిచిన మడిని చూచి నత్రజని లోపమని యూరియా చల్లినచో, ఆ నత్రజనిలో కొంత వాయువై ఎగిరిపోవును, వేరు బాధ అట్లే యుండును, రైతు చేతిలోని డబ్బు పోవును. అప్పుచేసి ఎరువు కొను కుటుంబమునకు ఇది శాస్త్రచర్చ కాదు. మరియు పండుచున్న వరి బంగారువన్నెకు తిరిగినపుడు సూచిక తప్పక పడిపోవును. అది జబ్బు కాదు, కోతకాలము. నాట్లు వేసిన క్రొత్తలో మడిలోని నీరు పరారుణమును మ్రింగుటచే సూచిక తక్కువగా నుండును. అదియును జబ్బు కాదు. పైరు వయస్సు తెలియని పటము చదువదగినది కాదు.

అయినను ఈ కెమెరా నిరర్థకమని మేము అనము. పోల్చుటకు దీనిని మించిన చౌకైన సాధనము లేదు. పది ఎకరముల చేనిలో గట్టుమీద నడచువానికి గట్టు ప్రక్క పైరే కనిపించును. నడిమి భాగము పైనుండి చూచిన గాని తెలియదు. ఎక్కడ చూడవలెనో కెమెరా చెప్పును. ఏమైనదో చూచుటకు మనిషి దిగవలెను. మచ్చలోనుండి రెండు మొక్కలు, బాగున్న చోటునుండి రెండు మొక్కలు వేళ్ళతో పెకలించి ప్రక్కప్రక్కన పెట్టవలెను. వేరు తెల్లగా నున్నదా, నల్లబడి కుళ్ళు వాసన వచ్చుచున్నదా. ముదురాకు ముందు పసుపుబడినదా, లేతాకు ముందు వెలిసినదా. ఆకు అడుగున పురుగున్నదా. మన్ను పిడికిట పట్టిన ముద్ద అగుచున్నదా - వీనికి సమాధానము దొరకిన పిదపనే మందు మాట. నత్రజని లోపమున ముదురాకులు ముందు పాలిపోవును, ఇనుము లోపమున లేతాకులు ముందు తెల్లబారును. ఈ ఒక్క తేడాను ఏ రంగుల పటమును చూపదు.

ఎరువు విషయమున మరియొక పద్ధతి కలదు. చేనిలో ఒక చిన్న పట్టీకి నత్రజని కొరత లేకుండ ఇచ్చి, మిగిలిన చేనిని దానితో పోల్చుదురు. చేను ఆ పట్టీకి సమానముగా నున్నంతకాలము అదనపు యూరియాకు పని లేదు. తేడా మొదలైనపుడే వేయవలెను. ఈ పోలికను కెమెరా చక్కగా చేయగలదు. వరిలోనైతే కెమెరా లేకున్నను, అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ప్రచారము చేసిన ఆకురంగు పట్టీ యున్నది. అది లేత పచ్చనుండి ముదురు పచ్చ వరకు వరుసగా రంగులద్దిన చిన్న ప్లాస్టిక్ బద్ద. ఆకును దానిపై ఆనించి, తన నీడను దానిపై పడనిచ్చి చూచినచో సరిపోవును. మా కెమెరా చిత్రములను ఈ బద్దతో పోల్చి చూచుటకు ఒక వరిమడిని ఎంచుకొంటిమి. వారమునకొకసారి, మిట్టమధ్యాహ్నమునకు అటునిటు గంటలో, మబ్బు లేనపుడు, అదే ఎత్తునుండి తీయుచున్నాము.